కలప గిడ్డంగి కాఠ్‌గోదాం

పాత ఢిల్లీ స్టేషనులో రాత్రి పది గంటల వేళ నిలబడిన వారికి రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్ పెట్టెల మీద 'కాఠ్‌గోదాం' అన్న పేరు కనిపించక మానదు. ఉద్యోగరీత్యా రాజధానికి వచ్చి స్థిరపడిన మేము ఇరవై సంవత్సరాలకు పైగా ఆ బోర్డును చూస్తూనే ఉన్నాము. నైనీతాల్, అల్మోడా వెళ్ళేవారు అక్కడ దిగుతారు. స్టేషను వెలుపల ట్యాక్సీ మాట్లాడుకొని, వెనుదిరిగి చూడకుండా కొండ ఎక్కిపోతారు. ఆ ఊరిని చూడడం కోసమే అక్కడికి వెళ్ళిన వారిని మేము ఎన్నడూ ఎరుగము. మేమైనా ఇన్నేళ్ళూ ఆ ఊరి మీదుగా రెండు పర్యాయాలు నైనీతాల్ వెళ్ళి వచ్చినవారమే తప్ప అందుకు మినహాయింపు కాదు.

ఈసారి మాత్రం ఆ ఊరికే వెళ్ళాలని నిశ్చయించుకొన్నాము. కారణం ఒక పాత కాగితం. మా విభాగంలో పాత దస్త్రాలను కంప్యూటరులోకి ఎక్కించే కార్యక్రమం జరుగుతున్నప్పుడు 1995 నాటి ఒక తనిఖీ నివేదిక మా బల్ల మీదకు వచ్చింది. అడుగున ఉన్న సంతకం మాదే. ఆ సంగతి తరువాత మనవి చేస్తాము.

మార్చి నెలాఖరులో ఒక శుక్రవారం రాత్రి మా సివిల్ విభాగానికి చెందిన ఐదుగురు తెలుగువారము బయలుదేరాము. మాలో ఒకరిది రాజమహేంద్రవరం. వారి తాతగారికి గోదావరి ఒడ్డున కలప అడితి ఉండేదట. దుంగను చూసి జాతి చెప్పగల విద్య తమకు పుట్టుకతోనే అబ్బిందని వారి నమ్మకం. ఆ నమ్మకం ఈ ప్రయాణంలో ఎంతవరకు నిలిచిందో చెప్పకపోవడమే మర్యాద. ఆయన శ్రీమతి కట్టి ఇచ్చిన పులిహోరతో హాపుడ్ దాటేసరికి మా భోజనాలు ముగిశాయి. మురాదాబాదు, రాంపూరు నిద్రలో దాటిపోయాయి. రుద్రపూరు తరువాత మెలకువ వచ్చి కిటికీలోనుంచి చూస్తే చీకటి తప్ప మరేమీ లేదు. అయితే గాలి మారింది. ఢిల్లీ ధూళి వాసన పోయి ఆకు కుళ్ళిన వాసన, తడి మట్టి వాసన లోపలికి వచ్చాయి. అది టాండా అడవి. లాల్‌కువాఁ, హల్ద్వానీ దాటి తెల్లవారుజామున బండి ఆగింది. అంతటితో పట్టాలు కూడా ఆగిపోయాయి. ఢిల్లీ నుండి సుమారు 280 కిలోమీటర్లు వచ్చిన రైలుమార్గం ఎదుట హిమాలయాల మొదటి మెట్టు గోడలా నిలిచి ఉంటుంది. ఆ గోడ అడుగున, సముద్రమట్టానికి 554 మీటర్ల ఎత్తున, గౌలా నది ఒడ్డున ఉన్నది కాఠ్‌గోదాం.

ఊరి పేరులో మొదటి సగం మనకు పరిచితమైనదే. సంస్కృతంలోని కాష్ఠమే హిందీలో కాఠ్ అయినది. రెండవ సగం ఇంకా దగ్గరి చుట్టం. 1886లో యూల్, బర్నెల్ అనే ఆంగ్లేయులు ప్రకటించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు 'గోదాము' మాట మలయా భాష నుండి వచ్చినదనీ, దానికి మూలం తెలుగు 'గిడంగి', తమిళ 'కిడంగు' అయి ఉండవచ్చుననీ చెబుతుంది. కోరమండల్ తీరపు వర్తకులతో పాటు ఓడ ఎక్కి మలయా వెళ్ళి, పోర్చుగీసువారి నోటబడి తిరిగి వచ్చి, హిమాలయ పాదం దగ్గర ఊరి పేరుగా నిలిచిన మన గిడ్డంగి ఇది కావచ్చు. ఈ సంగతి చెప్పగానే మా రాజమహేంద్రవరం మిత్రులు స్టేషను బోర్డు ముందు నిలబడి ఛాయాచిత్రం తీయించుకొన్నారు.

కొండలకూ మైదానానికీ నడుమ ఉన్న ఈ నేలను ఇక్కడివారు భాబర్ అంటారు. కొండల నుండి జారివచ్చిన రాళ్ళూ గులకా పేరుకొన్న నేల కావడం వల్ల వాగుల నీరు ఇందులో ఇంకిపోయి, దిగువన తరాయిలో ఊటలుగా పైకి వస్తుంది. పై నేల పొడి, క్రింది నేల చిత్తడి. రెండింటిలోనూ ఒకప్పుడు దట్టమైన అడవి, అంతకంటే దట్టమైన మలేరియా. కొండవారు చలికాలంలో పశువులతో దిగివచ్చి, ఎండలు ముదరక ముందే తిరిగి పైకి వెళ్ళిపోయేవారు. వారి అంగడిగా 1834లో కమిషనర్ ట్రెయిల్ కాలంలో హల్ద్వానీ ఏర్పడింది. హల్దూ చెట్ల పేర ఏర్పడిన ఊరు అది. మన ప్రాంతంలో పసుపు కదంబ అంటాము, కోస్తే లోపల పసుపుపచ్చగా ఉంటుంది. ఈ అడవికి రాజు మాత్రం సాల వృక్షమే. ఉత్తరాంధ్ర కొండలలో మనవారు గుగ్గిలం చెట్టు అనే జాతి ఇదే.

1853లో బొంబాయి–ఠాణా మధ్య రైలు నడిచిన నాటి నుండి దేశంలోని గట్టి కలపకు గడ్డుకాలం మొదలయింది. పట్టాల క్రింద వేసే స్లీపరుకు టేకు, దేవదారు, సాలము తప్ప మరేదీ మందు పూయకుండా నిలవదు. ఇంగ్లండు నుండి కలప తెప్పిస్తే ఖర్చు. అందువల్ల గుత్తేదార్లు గఢ్వాల్, కుమావున్ పాదాల అడవులలోకి దిగారు. మోయగలరా లేదా అన్న ఆలోచన లేకుండా నరికి, తీసుకురాలేని చోట దుంగలను వదిలివేసి పోయారని నాటి అటవీ అధికారులే వ్రాశారు. 1856 నుండి 1884 వరకు కుమావున్ కమిషనరుగా ఉన్న హెన్రీ రాంసే ఈ విచ్చలవిడి నరుకుడుకు అడ్డు వేశాడు. భాబరులో కాలువలు త్రవ్వించినవాడు కూడా ఆయనే. 1864లో డీట్రిచ్ బ్రాండిస్ అధిపతిగా దేశానికంతటికీ అటవీశాఖ ఏర్పడింది. అడవిని కాపాడాలన్న తపన ఎంతో, స్లీపర్లు ఎడతెగకుండా అందాలన్న అవసరం అంతకంటే ఎక్కువ అనడంలో మాకు సందేహం లేదు. లెక్క తెలిసిన వాడే కాపలాదారు అయితే ఏమవుతుందో అదే అయింది. నరుకుడు ఆగలేదు, పద్ధతిలో పడింది.

బరేలీ నుండి 66 మైళ్ళ మీటరుగేజి మార్గాన్ని రోహిల్‌ఖండ్–కుమావున్ రైల్వే కంపెనీ వేయగా, 1884లో రైలు ఇక్కడికి వచ్చింది. పైనుండి నరికిన కలప గౌలా వెంబడి దిగివచ్చి, ఇక్కడ పేర్చబడి, బండ్లకు ఎక్కేది. ఊరంటే అంతే. స్టేషను, కలప గుట్టలు, గుమాస్తాలు. 1901 జనాభా లెక్కలలో ఇక్కడ ఉన్నవారు 375 మంది. ఈ స్టేషనులో దిగి గుఱ్ఱాల మీదా డోలీల మీదా కొండ ఎక్కిన వారి జాబితా మాత్రం చాలా పెద్దది. మాయావతి ఆశ్రమానికి వెళ్ళడానికి స్వామి వివేకానందులు 1900 డిసెంబరు చివరిలో ఇక్కడే దిగారు.

ఇంజినీర్లము కనుక ఒక చిన్న లెక్క వేయకుండా ఉండలేకపోయాము. మీటరుగేజి కొయ్య స్లీపరు 1.8 మీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు, 11.5 సెంటీమీటర్ల మందం. కిలోమీటరుకు 1300 అనుకొన్నా, అన్నీ కొయ్యవే అనుకొంటే 106 కిలోమీటర్లకు సుమారు 1,38,000 స్లీపర్లు, అనగా 5,700 ఘనమీటర్ల కోసిన కలప. చెట్టుకు పది స్లీపర్లు వస్తాయని ఉదారంగా లెక్క కట్టినా పధ్నాలుగు వేల చెట్లు. ఇది ఒక్క చిన్న మార్గానికి, ఒక్కసారికి. పదిహేనేళ్ళకు అటూ ఇటూగా మళ్ళీ అన్నీ మార్చాలి. ఇక బ్రాడ్‌గేజికి 2.75 మీటర్ల స్లీపరు, ఈనాటి పద్ధతిలో కిలోమీటరుకు 1660. కొయ్యతోనే వేయవలసి వస్తే కిలోమీటరుకు 148 ఘనమీటర్లు. పైగా తొలినాళ్ళలో బొగ్గు దొరకని చోట ఇంజన్లు కూడా కట్టెలతోనే నడిచేవి. ఇక్కడికి సమీపంలోని కాలాఢుంగీలో చలికాలం గడిపిన జిమ్ కార్బెట్ యౌవనంలో చేసిన ఉద్యోగం పులుల వేట కాదు, బీహారులో రైలు ఇంజన్లకు అడవి కొట్టించి కట్టె సరఫరా చేయడం. ఇంజన్లు బొగ్గుకు మారగానే ఆ ఉద్యోగం పోయింది.

ఇప్పుడు మా కాగితం సంగతి. 1995లో మేము ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. ఒక నిర్మాణ స్థలంలో రైల్వే సైడింగు పనిలో ఉన్నాము. మామూలు లైనుకు అప్పటికే కాంక్రీటు స్లీపర్లు వస్తున్నాయి గాని, పట్టాలు చీలే టర్నౌట్ల క్రింద ఒక్కొక్కటి ఒక్కో పొడవు ఉండే సాల స్లీపర్లే వేసేవాళ్ళము. లారీలలో సరుకు వచ్చింది. కాగితాలలో తరాయి అడవుల కలప అని ఉంది. ప్రతి ముక్క చివరా అటవీశాఖ సుత్తి ముద్ర. నిబంధనల పుస్తకం, టేపు, సుద్దముక్క పట్టుకొని రెండు రోజులు ఎండలో తనిఖీ చేశాము. చివరలలో పగులు నిర్ణీత పొడవును మించినవీ, వంకర ఉన్నవీ, గుండె కలప బయటపడినవీ వేరుచేశాము. మొత్తం 340లో 92 తిరస్కరించి, ఎఱ్ఱ సుద్దతో గుణకారపు గుర్తు పెట్టి సంతకం చేశాము. పై అధికారి భుజం తట్టారు. సరఫరాదారు మారు సరుకు పంపాడు. తిరస్కరించిన వాటిని తిరిగి తీసుకువెళ్ళడానికి లారీ కిరాయి దండుగ అని అక్కడే వదిలివేశాడు. ఆ శీతకాలంలో అవి కూలీల గుడిసెల ముందు చలిమంటలుగా కాలిపోవడం మేము ప్రతి సాయంత్రమూ చూశాము. ఆ పగుళ్ళలో కనీసం సగం వాటిని చివర ఇనుప పట్టీ బిగించి వాడుకోవచ్చునని మాకు తెలిసింది ఆ తరువాత నాలుగేళ్ళకు, వేరొక స్థలంలో, పదవ తరగతి కూడా చదవని ఒక గ్యాంగు మేస్త్రీ ద్వారా.

నివేదికలో ఆ 92 ఒక వరుసలో ఒక అంకె మాత్రమే.

శనివారం ఉదయం టీ త్రాగి, బాడుగ కారులో వెనుకకు లాల్‌కువాఁ వైపు వెళ్ళాము. కలప పేర్చే కేంద్రం ఇప్పుడు కాఠ్‌గోదాములో లేదు. ఊరు పెరిగి, 1942లోనే హల్ద్వానీతో కలిసి ఒకే పురపాలక సంఘమయింది. కలప డిపోలు దిగువకు జరిగాయి. పగటి వెలుగులో టాండా అడవిని అప్పుడే చూశాము. సాల వృక్షం మార్చిలో పాత ఆకు రాల్చి, కొత్త ఆకూ పూతా ఒకేసారి తొడుగుతుంది. అడవి నేల అంతా ఎండుటాకు, పైన లేత పసుపు తెలుపు కలిసిన పొగమంచు వంటి పూత. ఢిల్లీ నుండి ఒక్క రాత్రి దూరంలో ఇంతటి చెట్లు ఉన్నాయని మాలో ముగ్గురికి తెలియదు.

డిపోలో అధికారుల అనుమతితో గంటన్నర తిరిగాము. యూకలిప్టస్, పాప్లార్ దుంగలు ఎక్కువగా ఉన్నాయి. సాలము తక్కువ. దొంతరలకు 'లాటు' సంఖ్యలు వేసి ఉన్నాయి. 1980 అటవీ సంరక్షణ చట్టం, 1981లో వెయ్యి మీటర్లకు పైన పచ్చని చెట్లు నరకరాదన్న ఉత్తరువు, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో ఇచ్చిన ఆదేశం, వీటన్నిటి తరువాత ఇక్కడి వ్యాపారం పూర్వపు వ్యాపారం కాదు.

అక్కడ పనిచేసి విరమించిన ఒక వృద్ధుడు ఇప్పటికీ ప్రతిరోజూ డిపో గేటు దగ్గర టీ కొట్టులో కూర్చుంటాడని చెప్పి అక్కడివారు పరిచయం చేశారు. దుంగలకు టేపు వేసి ఘనపరిమాణం వ్రాయడం ఆయన పని. ముప్పై ఎనిమిదేళ్ళు చేశాడట. మా నివేదిక నకలు చూపి, జరిగింది హిందీలో చెప్పాము. ఆయన కళ్ళద్దాలు తుడుచుకొని, చదవకుండానే కాగితం తిరిగి ఇచ్చాడు.

"తొంభై రెండా, సాబ్? మా దగ్గర పగిలినదంటూ పారేసేది లేదు. స్లీపరు కానిది ద్వారబంధం, ద్వారబంధం కానిది మంచం కోడు, అదీ కానిది గొడ్డలి పిడి. కొనేవాడు ఎప్పుడూ గేటు దగ్గరే ఉండేవాడు."

"మా దగ్గర అలాంటివారు లేరు, బాబూజీ."

"ఉండే ఉంటారు సాబ్. మీరు అడిగి ఉండరు."

మాలో ఎవరమూ మాట్లాడలేదు. ఆయన ఆ మాట నొప్పించడానికి అనలేదు. టేపు వేసి కొలత చెప్పినట్లు చెప్పాడు. తరువాత తానే మాట మార్చి, సాల దుంగను కోసిన వెంటనే ఎండలో పెడితే చివరలు పగులుతాయనీ, చివరలకు తారు పూసి నీడలో పేరిస్తే పగలవనీ, మీ సరుకు లారీలో ఎన్ని రోజులు ఎండిందో ఎవరు చూశారనీ అన్నాడు. దోషం చెట్టుది కాకపోవచ్చునన్న మాట మేము ముప్పై ఏళ్ళలో ఆలోచించనిది.

మధ్యాహ్నం తిరిగి కాఠ్‌గోదాం వచ్చి గౌలా ఒడ్డుకు దిగాము. ఎండాకాలం ముందు నది నడుమ రెండు పాయలు, మిగిలినదంతా తెల్లని రాళ్ళు. దిగువన లారీల వరుస. ఈ నదీగర్భంలో ఇసుకా రాయీ త్రవ్వించే పని చూస్తున్నది అటవీ అభివృద్ధి సంస్థ. ఒకప్పుడు కలప దిగివచ్చిన దారినే ఇప్పుడు కాంక్రీటుకు కావలసిన గులకరాయి వెళుతున్నది. కొయ్య స్లీపరు పోయి పావు టన్నుకు మించిన కాంక్రీటు స్లీపరు వచ్చినందుకు అడవి ఊపిరి పీల్చుకొన్నదని మేము సభలలో చెప్పుకొంటాము. నది ఏమనుకొంటున్నదో గౌలా ఒడ్డున నిలబడితే తెలుస్తుంది. ఎగువన పది కిలోమీటర్ల దూరంలో జమరానీ వద్ద 150 మీటర్ల ఎత్తయిన ఆనకట్టకు 1970లలోనే అంకురార్పణ జరిగినా, కేంద్రం నిధులకు ఆమోదం తెలిపినది 2023 అక్టోబరులో. అంచనా వ్యయం 2,584 కోట్లు, లక్ష్యం 2028 మార్చి. హల్ద్వానీకి త్రాగునీరు, 14 మెగావాట్ల విద్యుత్తు ఇందులో భాగాలు. అర్ధశతాబ్దపు నిరీక్షణ మన రంగంలో వింత కాదు గనుక ఎవరమూ వ్యాఖ్యానించలేదు.

సాయంత్రం రాణీబాగ్ వరకు నడిచాము. ప్రభుత్వరంగంలో పనిచేసే మనకు ఈ చోటు తెలిసి ఉండాలి. హెచ్.ఎం.టి. గడియారాల కర్మాగారం 1980ల దశకంలో ఇక్కడ వెలిసింది. కలప తరువాత ఈ లోయకు దక్కిన పెద్ద జీవనాధారం అది. 2016లో మూతపడింది. మా నాన్నగారు పదవీ విరమణ వరకు పెట్టుకొన్నది హెచ్.ఎం.టి. గడియారమే. మాలో ఇద్దరి తండ్రులదీ అదే కథ. కర్మాగారం గేటు ముందు కొంతసేపు నిలుచున్నాము. ఎవరి మణికట్టు మీదా ఆ గడియారం లేదు.

రాత్రి బసలో కుమావున్ వంట, ఉల్లికాడల వాసనతో ఆలూ గుట్కాలు. మాటలు 1921 మీదకు మళ్ళాయి. ఆ సంవత్సరం జనవరిలో బాగేశ్వర్ జాతరలో కొండవారు వెట్టిచాకిరీ పట్టికలను సరయూ నదిలో కలిపివేశారు. వేసవిలో అటవీశాఖ వారి రిజర్వు అడవులకు నిప్పులు పడ్డాయి. గడ్డికీ కట్టెకూ మేతకూ అడ్డువచ్చిన నిబంధనల మీద కోపం అది. కమిషనర్ విండ్‌హామ్ అధ్యక్షతన విచారణ సంఘం వేయక తప్పలేదు. దాని ఫలితంగానే 1931 నుండి గ్రామాల చేతిలో వన పంచాయతీలు వచ్చాయి. అదే 1921లో మన పల్నాడులో పుల్లరి సత్యాగ్రహం జరిగింది. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు నేలకొరిగాడు. ఆ ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణా మీద పడ్డాడు. పోడు మీద ఆంక్షలకూ, ఘాటు రోడ్డు వెట్టికీ ఎదురుతిరిగిన మన్యం అది. రెండువేల కిలోమీటర్ల దూరాన, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఒకే శాఖ మీద ఒకే కోపం. కొండవారికి వన పంచాయతీలు దక్కాయి, మన మన్యానికి తుపాకులు వచ్చాయి. ఈ తేడా ఎందుకు వచ్చిందన్న దాని మీద మాలో మాకు అర్ధరాత్రి వరకు వాదన నడిచి, తేలకుండానే ముగిసింది.

ఆదివారం తిరుగు ప్రయాణానికి ముందు, మాట ఇచ్చిన ప్రకారం, ఆ వృద్ధుడు స్టేషనుకు వచ్చాడు. ప్లాట్‌ఫారం చివర నిలబడి, 1994లో మీటరుగేజి తీసివేసినప్పుడు ఊడదీసిన కొయ్య స్లీపర్లను తాను ఎక్కడ ఎలా పేర్పించాడో చేయి చాపి చూపాడు. వాటిలో చాలా భాగం ఇళ్ళ దూలాలుగా, పశువుల పాకల స్తంభాలుగా ఇప్పటికీ కొండలలో ఉన్నాయట. మా కాళ్ళ ముందు టర్నౌటు ఉంది. దాని క్రింద అన్నీ కాంక్రీటువే. మా రాజమహేంద్రవరం మిత్రులు అలవాటుకొద్దీ వాటిని లెక్కపెట్టనారంభించారు.

బండి కదలడానికి పది నిమిషాల ముందు ఆయన చేతిసంచీలోనుంచి జానెడు పొడవున్న సాలపు ముక్క తీశాడు. ఒక చివర చిన్న పగులు, మరో చివర అరిగిపోయిన సుత్తి ముద్ర. "ఉంచుకోండి సాబ్. తొంభై రెండులో ఒకటి అనుకోండి" అన్నాడు నవ్వుతూ. చేతిలోకి తీసుకొంటే ఆ ముక్క బరువు ఆశ్చర్యం కలిగించింది. మా బృందంలో చిన్నవాడు, నిబంధనలలో మమ్మల్ని మించినవాడు, అటవీ ఉత్పత్తికి రవన్నా లేకుండా జిల్లా దాటించరాదని గుర్తుచేశాడు. వృద్ధుడు ఆ మాటకు ఇంకా ఎక్కువ సంతోషించాడు. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ రవన్నాలు తనిఖీ చేసినవాడాయన.

ముక్కను తిరిగి ఆయన సంచీలోనే పెట్టి, నమస్కరించి బండి ఎక్కాము.